దివానుగారి బెల్టు

మొగలిపాడు రాజావారికి ఒకసారి కరెంటు మోజు పుట్టింది. రాజులకు మోజు పుడితే ఊరుకుంటారా? "ఊరంతా కరెంటు రావాలి. వచ్చింది రెప్పపాటైనా పోకూడదు!" అని నిండు సభలో హుకుం జారీ చేసేశారు.

దివాను జోగిపంతులుగారికి అంతకంటే ఏం కావాలి! తనను మించిన మేధావి ముల్లోకాల్లో లేడని ఆయన నమ్మకం.

"ప్రతి చోటికీ రెండేసి లైన్లు లాగిద్దాం ప్రభూ! ఒకటి తెగితే రెండోది ఉంటుంది. ఖర్చంటారా, మగ్గానికింత అని పన్ను వేస్తే సరి."

ఆ మాట సభలో ఓ మూల నిలబడ్డ గవరయ్య చెవిన పడింది. కోటలో దీపాలు వెలిగించడం అతని పని. కూతురూ అల్లుడూ ఒక్క మగ్గం మీద బతుకుతున్నారు. ఇంకో పన్ను పడిందా, ఆ మగ్గం అమ్ముకోవడమే.

"రెండో లైను అన్ని చోట్లా అక్కర్లేదు ప్రభూ," అన్నాడు ఉండబట్టలేక.

దివాను పకపకా నవ్వాడు. "వత్తులు ఎగదోసేవాడికి కరెంటు సంగతులా! ఎక్కడ రెండు కావాలో, ఎక్కడ ఒకటి చాలో నువ్వు చెబుతావా?"

"నేనెంతవాణ్ణండీ? తమరే చెబుతారు."

"నేనా! చచ్చినా చెప్పను!"

రాజావారికి భలే సరదా వేసింది. "ఏదీ, చెప్పించవోయ్ చూద్దాం! దివానుగారి చేత చెప్పిస్తే పన్ను రద్దు. లేకపోతే రేపే దండోరా."

గవరయ్య తన దీపాల కర్ర పట్టుకుని దివాను ముందుకొచ్చాడు. కర్ర కొసతో ఆయన తలపాగాను మెల్లగా లేపి కింద పడేశాడు. సభంతా గొల్లుమంది. దివాను బట్టతల తడుముకుని, తలపాగా తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"పోతే పోయింది. మళ్లీ పెట్టుకోలేనా ఏం?" అన్నాడు బింకంగా.

గవరయ్య అలాగేనని తలూపి, ఈసారి కర్రను ఆయన నడుము వైపు జరిపాడు. దివాను పంచె ముడి బిగించి, దాని మీద మళ్లీ తోలు బెల్టు పెడతాడని ఊరందరికీ తెలుసు.

దివాను రెండు చేతులా బెల్టు పట్టుకుని వెనక్కి గెంతాడు. "ఓరి నీ దుంపతెగ! దాని జోలికి రాకు! అది ఊడితే నా పరువేం కావాలి?"

గవరయ్య కర్ర దించేసి రాజావారికి దండం పెట్టాడు.

"చెప్పేశారు ప్రభూ! ఊడితే కొంప మునిగేదానికి రెండు కట్లు. ఊడితే మళ్లీ పెట్టుకునేదానికి ఒక్కటే."

ఆపైన తనే వివరించాడు: "ఆసుపత్రీ, మంచినీళ్ల పంపూ మన ఊరి పంచె. వాటికి రెండు లైన్లూ వేయించండి. మిగతా చోట్ల కాసేపు కరెంటు పోతే పోనివ్వండి, నా దీపాలున్నాయిగా!"

రాజావారు మీసం దువ్వుకున్నారు. "మరి మా దర్బారు సంగతేమిటోయ్? పంచా, తలపాగానా?"

"తలపాగానే ప్రభూ. కాకపోతే జరీ తలపాగా!"

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. చేతి ఉంగరం తీసి గవరయ్య వేలికి తొడిగారు. "పన్ను రద్దు! ఆ జరీ తలపాగా ఏదో నీ కూతురి మగ్గం మీదే నేయించి పట్రా," అన్నారు.

చివరికి దివానుగారు కూడా నవ్వక తప్పలేదు. చేతులు మాత్రం బెల్టు వదల్లేదు.