గట్టిమేళం వేళ దిండు దరువు

పెసలదిన్నె మేళం వాళ్ళంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకునేవారు. సన్నాయి ఊదే పోలయ్య, డోలు కొట్టే తమ్ముడు సాంబయ్య, తాళం వేసే ఆఖరి తమ్ముడు చిట్టెన్న, శ్రుతిపెట్టె మోసే పోలయ్య పెళ్ళాం గున్నమ్మ. మొత్తం నలుగురు.

"చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు" అనేవాడు పోలయ్య.

"అవునుమరి. సొంత బుర్ర వాడితే అరిగిపోదూ?" అనేది గున్నమ్మ.

ఒకనాడు పక్కూళ్ళో పెళ్ళికొడుకు ఊరేగింపుకి వెళ్ళారు. "మా ఇంటి ముందు వాయించండి" అన్నాడు ఇంటాయన. అంతే. ఊరేగింపు కదిలి వీధి మలుపు తిరిగినా వీళ్ళు కదల్లేదు. ఇంటికి తాళం వేసుకుని అందరూ పోయినా కదల్లేదు. ఎండలో నిలబడి, ఆ తాళంకప్పకి సాయంత్రందాకా కచేరీ చేశారు. వినడానికి రెండు కుక్కలొచ్చాయి. అవి కూడా మధ్యలో లేచిపోయాయి. భోజనం లేదు, మంచినీళ్ళు లేవు. పైగా ఇంటాయన తిరిగొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు.

ఇంకేముంది, ఇల్లు చేరేసరికి నలుగురికీ ఒళ్ళు మండిపోతోంది. పోలయ్య గున్నమ్మని కసిరాడు. గున్నమ్మ సాంబయ్యని కసిరింది. సాంబయ్య పందిరి గుంజని గుద్దాడు. చిట్టెన్న ఏడుపు లంకించుకున్నాడు.

వీధిలో పసిపిల్లలకి చుక్కలమందు వేస్తున్న నర్సమ్మ ఈ గోల విని గుమ్మంలోకొచ్చింది. "ఏంటర్రా ఇది? రేపు వీరభద్రంగారి అమ్మాయి పెళ్ళికి ఈ మొహాలేసుకునే పోతారా?"

"ఏం చెయ్యమంటావు తల్లీ, చిరాకు దిగట్లేదు" అన్నాడు పోలయ్య.

"దానికేం, చాలా తేలిక. పోలయ్యా, నువ్వు నోరు మూసుకుని ముక్కుతో మెల్లిగా గాలి పీల్చి, ముక్కుతోనే వదులు. సాంబయ్యా, చేతులు ఊరుకోకపోతే దిండుని కొట్టు, ఇంక దేన్నీ కొట్టకు. చిట్టెన్నా, నీ బాధేదో పక్కనున్నవాళ్ళకి చెప్పుకో. గున్నమ్మా, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చో, గోరువెచ్చనివైతే మరీ మంచిది. మనసు కుదుటపడేదాకా మానకండి" అని నర్సమ్మ వెళ్ళిపోయింది.

మనసు కుదుటపడిందని తెలిసేదెలాగో మాత్రం చెప్పలేదు.

"అన్నయ్యా, నీది పడిందా?" అన్నాడు సాంబయ్య, దిండుని కొడుతూ. పోలయ్య నోరు మూసుకునున్నాడు, ఎలా చెబుతాడు?

"వదినా, మరి నీది?"

"పడితే చప్పుడు రాదూ? నాకేం వినబళ్ళేదు" అంది గున్నమ్మ.

తెల్లారింది. ఎవరి మనసూ పడిన చప్పుడు లేదు. అలాగే పెళ్ళికి బయల్దేరారు. సాంబయ్య భుజాన డోలు, చంకలో దిండు.

పెళ్ళిపందిట్లో అల్లుడి కాళ్ళు కడగడానికి పీట ముందు ఇత్తడి పళ్ళెం పెట్టి, నీళ్ళు పోశారు. పెళ్ళికొడుకు ఇంకా తలపాగా సవరించుకుంటున్నాడు. గున్నమ్మ నీళ్ళు చూసింది. అంతే, పీటెక్కి పళ్ళెంలో కాళ్ళు పెట్టేసింది. పెళ్ళికూతురి తండ్రి వీరభద్రంగారు కళ్ళు మూసుకుని, మంత్రం వింటూ భక్తిగా కడిగేస్తున్నారు.

"చల్లగా ఉన్నాయండీ, కాస్త వేణ్ణీళ్ళు కలపండి" అంది గున్నమ్మ.

అల్లుడి వేళ్ళకి మెట్టెలు తగుల్తున్నాయేమిటా అని ఆయన కళ్ళు తెరిచారు. ఇంకేముంది, గున్నమ్మని లాగడానికి నలుగురు కావలసొచ్చింది.

ఈలోపు చిట్టెన్న పెళ్ళికూతురి పక్కన చేరాడు. "నిన్న మాకెవరూ అన్నం పెట్టలేదమ్మా, కుక్కలు కూడా వదిలేసిపోయాయమ్మా" అని చెప్పుకున్నాడు. ఆ పిల్లది జాలి గుండె, భోరుమంది. అది చూసి అత్తలు ఏడ్చారు. ఎందుకో తెలీకపోయినా పిన్నులూ ఏడ్చారు.

పెళ్ళికొడుకు తల్లి చిటపటలాడింది. "పిల్లకి ఈ పెళ్ళి ఇష్టం లేదా ఏంటి? ఇదిగో అన్నయ్యగారూ, ముందే చెబుతున్నా. గట్టిమేళం లేకుండా మా ఇంట తాళి కట్టరు. ముహూర్తం దాటిందా, మావాణ్ణి లేవదీసుకుని పోతాను!"

వీరభద్రంగారు పంతులుగారికి చేతులు జోడించారు. పంతులుగారు గబగబా మంత్రాలు మింగేసి, వేలు గాల్లో ఆడించి, "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు. తాళి కట్టేవేళ తుమ్ములాంటి అపశకునాలు వినబడకుండా మేళం హోరెత్తాలి కదా.

పోలయ్య సన్నాయి పట్టుకుని, నోరు బిగించి, ముక్కుతో "సుయ్" మన్నాడు. సాంబయ్య డోలు పక్కన పెట్టి, దిండు ఒళ్ళో వేసుకుని "దభీ దభీ" మని బాదాడు. దిండు పగిలింది. దూది ఎగిరి అందరి ముక్కుల్లో దూరింది. అంతే, పందిరి మొత్తం తుమ్ములు! పంతులుగారు తుమ్మారు, పెళ్ళికొడుకు తాళి పట్టుకునే తుమ్మాడు.

"లేవరా అబ్బాయ్!" అంది తల్లి, మూడుసార్లు తుమ్మి.

వీరభద్రంగారు పోలయ్య గడ్డం పట్టుకున్నారు. "ఊదు నాయనా! నా కూతురి బతుకు నీ సన్నాయిలో ఉంది!"

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆయన మనసింకా కుదుటపళ్ళేదండీ" అంది గున్నమ్మ.

"ఎప్పుడు పడుతుంది?"

"నర్సమ్మ చెప్పలేదండీ."

వీరభద్రంగారు నెత్తి కొట్టుకుని, "పడింది! ఇప్పుడే పడింది! నలుగురిదీ పడింది! నేను చూశాను!" అని అరిచారు.

"కళ్ళారా?"

"కళ్ళారా!"

"ఆయన చూశాట్ట!" అంది గున్నమ్మ. పోలయ్య నోరు తెరిచాడు. దిండు అటు, డోలు ఇటు. మేళం మోగింది చూడండి, పందిరి గుంజలు ఊగాయి! ఆ హోరులో ఎవరు తుమ్మారో ఎవరికీ వినబళ్ళేదు. మూడు ముళ్ళూ పడ్డాయి. వీరభద్రంగారు హమ్మయ్యని కూలబడ్డారు.

పంతులుగారికి కళ్ళనిండా దూది. "దగ్గరున్నవాళ్ళెవరైనా కొంగులు ముడెయ్యండి నాయనా" అన్నారు. దగ్గరున్నది చిట్టెన్న. ఎవరి కొంగులో ఆయన చెప్పలేదు. అందుకని చేతికందిన రెండూ పట్టుకుని, ఊడిరాకుండా బిగించి కట్టాడు. ఒకటి పంతులుగారి కండువా. రెండోది అక్షింతల పళ్ళెంతో నిలబడ్డ పెళ్ళికూతురి తల్లి అచ్చమాంబగారి పమిట.

కళ్ళు కడుక్కుందామని పంతులుగారు లేచారు. ఆవిడా బయల్దేరింది.

"తమ్ముళ్ళూ, ముడిపడ్డ జంట కదిలింది! సాగనంపే మేళం!" అన్నాడు పోలయ్య. అంతే, సన్నాయి, డోలు, తాళం వాళ్ళ వెనకపడ్డాయి. మేళానికి బెదిరి పంతులుగారు పరుగెత్తారు, ఆవిడా పరుగెత్తింది. కొత్తదంపతులు పీటల మీదే ఉన్నారు.

"ఒరేయ్, ఆవిడ నా పెళ్ళాంరా!" అని వీరభద్రంగారు పంచె ఎగ్గట్టి ఏడుస్తూ వెంటపడ్డారు.

గున్నమ్మ నాలుగక్షింతలు చల్లి, కళ్ళొత్తుకుంది. "పాపం, పెళ్ళికూతురి తండ్రి కదా! అప్పగింతలంటే ఆ మాత్రం దుఃఖం ఉండదూ?"