వేదాచలం ఇంట్లో వైఫై మీట

నిడదవోలు లాకుల దగ్గర వేదాచలం ఇల్లెక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు. చూపిస్తూ ఓ నవ్వు కూడా నవ్వుతారు. ఆ నవ్వు తమ తెలివిని మెచ్చుకోవడమేనని ఆ ఇంట్లోవాళ్ళ నమ్మకం.

"సొంత బుర్ర వాడడం మన ఇంటా వంటా లేదురా" అని వేదాచలం రోజూ భోజనాల దగ్గర గర్వంగా చెబుతాడు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. అదే అసలైన తెలివి."

పెద్దకొడుకు గవర్రాజు, వాడి పెళ్ళాం సీతారత్నం, చిన్నకొడుకు చక్రధరం ముగ్గురూ తలలూపుతారు. తలూపడంలో మాత్రం వాళ్ళని మించినవాళ్ళు జిల్లాలో లేరు.

చక్రధరం డిగ్రీ అయి మూడేళ్ళయింది. ఉద్యోగం లేదు. చివరికి తణుకులో ఓ రొయ్యల మేత కంపెనీవాళ్ళు గుమస్తా పని ఉందన్నారు. గురువారం మధ్యాహ్నం మూడింటికి వీడియోలో ఇంటర్వ్యూ. ఇది కూడా పోతే మేనమామ కొట్లో గోనెసంచులు కుట్టడానికి పొమ్మని వేదాచలం తేల్చి చెప్పేశాడు. గోనె దుమ్ము తగిలితే చక్రధరానికి ఒళ్ళంతా దద్దుర్లు. వాడికి నిజంగానే ఆ ఉద్యోగం కావాలి. వాడిమీద నాకూ కాస్త జాలే. ఆ జాలి ఎంతసేపు నిలుస్తుందో మీరే చూడండి.

ఇంటర్వ్యూ కోసమని మస్తాన్ కొట్లో ఓ పాత లాప్‌టాప్ కొన్నారు. మస్తాన్ అందులో లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసి, అక్షరాలన్నీ తెలుగులో కనపడేలా పెట్టి ఇచ్చాడు. "ఇది అందరిదీ బాబాయిగారూ. లోపల ఏముందో ఎవరైనా చూసుకోవచ్చు" అన్నాడు పాపం, గొప్పగా.

ఇంకేముంది! అందరిదీ అన్నాక ఇంట్లో దాచుకుంటే తప్పు కదా. మూడు రోజులు వీధరుగు మీద పీట వేసి లాప్‌టాప్ పెట్టారు. వచ్చేపోయేవాళ్ళు చూశారు, మేకలు చూశాయి. లారీల దుమ్మంతా దాని మీదే పడింది. సీతారత్నం మనసు చివుక్కుమంది. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు తొడిగిన చెయ్యి ఊరుకుంటుందా? దీనికీ ఓ కవరు కుట్టింది. జారిపోకుండా జాకెట్టు చేతులకని కొన్న ఎలాస్టిక్ చుట్టూ బిగించింది. ఆ ఎలాస్టిక్ లాప్‌టాప్ ముందు అంచున ఉన్న వైఫై మీటని ఎడమకి లాగి మూసేసింది. ఎవరూ చూడలేదు. చూసి తెలుసుకునే అలవాటు ఆ ఇంట్లో లేదుగా.

గురువారం పన్నెండింటికి కవరు తియ్యకుండానే లాప్‌టాప్ తెరిచారు. తెర మీద తెలుగులో చక్కగా రాసి ఉంది. 'వైర్‌లెస్ స్విచ్ కట్టేసి ఉంది. స్విచ్ వెయ్యండి.'

"ఏ స్విచ్చో రాయలేదండి నాన్నగారూ" అన్నాడు గవర్రాజు.

"రాయలేదంటే అన్నీ వెయ్యమనేరా!"

అంతే. నలుగురూ నాలుగు దిక్కులకి పరుగెత్తారు. లైట్లు, ఫ్యాన్లు, గీజరు, గ్రైండరు, నీళ్ళ మోటారు, ఒక్కటీ వదల్లేదు. మూత లేని మిక్సీ గోడనిండా కొబ్బరి పచ్చడి చల్లింది. నిండి ఉన్న ట్యాంకు పొర్లింది. ఆ నీళ్ళు పక్కింటి మాణిక్యమ్మ గారి డాబా మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలని మూట కట్టుకుపోయాయి.

"ఓరి మీ బుర్రలు మండా! మోటారు ఆపండ్రా!" అని ఆవిడ గోడ మీంచి అరిచింది.

"వెయ్యమనే ఉందండి, ఆపమని ఎక్కడా లేదు" అన్నాడు వేదాచలం ఎంతో మర్యాదగా. ఆవిడే వచ్చి మోటారు ఆపి, ఓ అరగంట తిట్టి వెళ్ళింది.

ఒంటిగంటకి మస్తాన్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టారు.

"గోడకి కాదండీ బాబూ, లాప్‌టాప్‌కే ఉంటుంది! ముందు అంచున చిన్న మీట. కళ్ళు మూసుకుని తడిమినా దొరుకుతుంది."

నలుగురూ ఠపీమని కళ్ళు మూసుకున్నారు. నాలుగు జతల చేతులు బల్ల మీద తడుముకున్నాయి. గవర్రాజుకి తండ్రి ముక్కు దొరికింది. సీతారత్నానికి మజ్జిగ గ్లాసు దొరికి ఒలికింది. లాప్‌టాప్ జారి, అదృష్టం బాగుండి, కిందనున్న పరుపు మీద పడింది.

"దొరికిందాండీ?"

"కళ్ళు తెరవమని నువ్వు చెప్పందే ఎలా చెబుతాం?" అన్నాడు వేదాచలం, కళ్ళు మూసుకునే.

 మీట సంగతా, లోపల ఇంకేదైనా తేడా ఉందా అనేది ముందు తేల్చుకుందాం అనుకున్నాడు మస్తాన్. "కళ్ళు తెరవండి. ఆదేశాలు రాసే నల్లకిటికీ ఉంటుంది, అది తెరవండి. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టండి. తేడా రాకూడదు."

వేదాచలం ఛాతీ పొంగింది. తమ ఇంటి విద్య ఎదుటివాడు అడిగితే ఎవరికి పొంగదు?

వైఫై ఎందుకు ఆగిందో చూపించే ఆదేశం, 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' అని మస్తాన్ ఒక్కో అక్షరం చెప్పాడు. చక్రధరం కొట్టాడు. ఈలోపు మస్తాన్‌కి టీ వచ్చింది. "ఏరా, టీలో ఇంత పంచదారేంట్రా" అన్నాడు కొట్లో కుర్రాణ్ణి. చక్రధరం అదీ కొట్టాడు. "బిస్కెట్లు లేవా?" అదీ కొట్టాడు. తుమ్మితే తుమ్ము ఎలా రాయాలో తెలీక అన్నని అడిగాడు.

"అలాంటి ఆదేశం లేదంటోందండి" అన్నాడు చక్రధరం, చెమటలు కక్కుతూ.

"ఏం కొట్టారో చదవండి."

వాడు మొత్తం చదివాడు. తుమ్ముతో సహా. మస్తాన్ టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు నిడదవోలంతా వినపడి ఉంటుంది.

రెండోసారి సరిగ్గా కొట్టించేసరికి రెండుంబావు. తెర మీద కనపడింది వాళ్ళచేత చదివించుకుని మస్తాన్ తేల్చాడు. "సిస్టమ్ తప్పేం లేదండీ. అది వైఫైని ఆపలేదు. బయట మీట మూసి ఉంది. మీరెంత టైపు కొట్టినా అది తెరుచుకోదు, వేలితో జరపాల్సిందే. కుడికి జరపండి."

లాప్‌టాప్‌కి అటు వైపు కూర్చున్న గవర్రాజు తన కుడికి జరిపాడు. ఇటు కూర్చున్న చక్రధరం తన కుడికి జరిపాడు. ఇద్దరూ తండ్రి మాట జవదాటని కొడుకులు. మీట అటూ ఇటూ పది నిమిషాలు తిరిగింది. వైఫై వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. చివరికి గవర్రాజుకి వేలు నొప్పెట్టి వదిలేశాడు. చక్రధరం కుడికి జరిపాడు. వచ్చింది! హమ్మయ్య అని వేలు తీశాడు. కవరు ఎలాస్టిక్ మీటని మళ్ళీ ఎడమకి లాక్కుంది.

"ప్లాస్టిక్ కవరు ఎలాస్టిక్ తగులుకుని వెనక్కి పోతోందండి" అన్నాడు చక్రధరం.

"కవరా? దానికి కవరెవరు తొడగమన్నారండీ! తీసి గోడ అవతల పారెయ్యండి!"

సీతారత్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అయినా మాట మాటే. కవరు ఊడదీసి, పెరట్లోకి వెళ్ళి, గోడ అవతలికి విసిరింది. అవతల మాణిక్యమ్మ గారు మళ్ళీ కొత్తగా వడియాలు పెడుతున్నారు. ఆ తర్వాత వినపడిన మాటలు పిల్లలున్నచోట చెప్పకూడదు.

చక్రధరం మీట జరిపాడు. ఈసారి నిలబడింది. సరిగ్గా మూడింటికి తెర మీద కంపెనీ మేనేజరు దమయంతి గారు కనపడ్డారు.

"పైవాళ్ళు చెప్పిన పని ఎలా చేస్తారు చక్రధరం గారూ?"

"చెప్పింది చెప్పినట్టు చేస్తానండి. సొంతంగా ఒక్కటి కూడా చెయ్యనండి."

ఆవిడ మొహం విప్పారింది. పాపం, అంతకుముందున్న గుమస్తా సొంత తెలివితో రొయ్యల మేతని కోళ్ళఫారానికి పంపించాట్ట. "మాకు కావలసింది ఇలాంటివాడే! సోమవారం తొమ్మిదింటికల్లా ఇలాగే నా ఎదురుగా కుర్చీలో ఉండండి. ఒక్క నిమిషం ఆలస్యం కాకూడదు."

ఇల్లంతా పండగైపోయింది. సీతారత్నం పాయసం చేసింది. వేదాచలం వీధిలో నిలబడి, కనపడ్డవాడికల్లా ఇంటర్వ్యూ కథ చెప్పాడు.

సోమవారం చక్రధరం తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎనిమిదిన్నరకే కూర్చున్నాడు. ఎక్కడనుకున్నారు? ఇంట్లోనే. అదే కుర్చీ, అదే బల్ల, ఎదురుగా తెరిచిన లాప్‌టాప్. తొమ్మిదైంది. తెర మీద ఎవరూ లేరు. తొమ్మిదింబావు అయింది. లేరు. మంచినీళ్ళకి కూడా లేవలేదు, ఆ లోపు ఆవిడ వస్తేనో!

వేదాచలం వంగి మీట చూశాడు. "మనది వేసే ఉందిరా. కట్టేసి ఉంటే అవతలివాళ్ళదే. పాపం ఆడమనిషి, స్విచ్ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు కదలకు, నేను వెళ్ళి వేయించి వస్తాను."

అంతే. తణుకు బస్సెక్కి, పదిన్నరకల్లా కంపెనీకి చేరి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో దెబ్బలాడి, దమయంతి గారి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది. బయట బెంచీ మీద ఇంకో కుర్రాడు కాగితాలు పట్టుకుని ఆశగా చూస్తున్నాడు.

"మీరు చక్రధరం నాన్నగారా! ఏమయ్యాడండీ ఆ అబ్బాయి? సరేలెండి, మొదటి రోజని క్షమిస్తాను. కింద ఉన్నాడా? పిలవండి, ఇప్పుడే చేర్చుకుంటాను."

వేదాచలం ఆవిడ వైపు జాలిగా చూశాడు. ఆవిడ లాప్‌టాప్ ముందు అంచున మీట ఎక్కడుందోనని, కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, తడమడం మొదలుపెట్టాడు.

"వాడెలా వస్తాడమ్మా? డ్యూటీ వదిలేసి రాకూడదు కదా!"

దమయంతి గారు తలుపు తీసి, బెంచీ మీద కుర్రాణ్ణి లోపలికి రమ్మన్నారు.