సాంబారు బకెట్టు నడిచిన దారి

ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ప్రొఫెసర్ సుబ్బారాయుడు విజయనగరంలోని ఓ కల్యాణ మండపంలో అరిటాకు మీద నీళ్లు చల్లి తుడిచారు. పక్కన కూర్చున్న ఆయన పరిశోధక విద్యార్థిని హేమనళినికి ఆకలి లేదు. ఆస్పత్రిలో మందులు మోసే, డ్రైవరు లేని బండికి దారి లెక్కగట్టే ప్రోగ్రాం ఆమెది. వరండాలో ఎవరు అడ్డొచ్చినా బండి మూడు సెకన్లు నిలబడిపోతోంది. శనివారంలోగా ఆ జాప్యం పోకపోతే బండి వద్దని ఆస్పత్రివాళ్లు తేల్చేశారు. మూడేళ్ల శ్రమ అది.

అడ్డు వచ్చినప్పుడల్లా ఆ ప్రోగ్రాం పాత దారిని చెరిపేసి, మొత్తం మళ్లీ మొదటినుంచి లెక్కగడుతుంది. పాతదానితోనే మొదలుపెట్టమని గురువు పొద్దున అన్నారు. ఆమెకు మింగుడుపడలేదు.

"మనిషి అడ్డొచ్చాక ఆ దారి తప్పు కదా సార్? తప్పని తెలిసిన జవాబుతో లెక్క మొదలుపెట్టడమేమిటి?"

"భోజనాల బంతిలోకి చూడమ్మా," అన్నారాయన.

ఎదుటి వరసలో పెళ్లికూతురి బావ ఒకాయన ముచ్చటపడి అన్నం బేసిను ఎత్తుకున్నాడు. ఎవరు ఎదురైనా ఆగి, బంతి ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరికించి, అప్పుడు కదులుతున్నాడు.

"బావగారూ, మళ్లీ పెళ్లిచూపులా? ముందు అన్నం తెండి!" అని ఎవరో అరిచారు. బంతంతా నవ్వింది.

ఇంతలో వీళ్ల వరసలోకి వంటవాళ్ల మనిషి అప్పలకొండ పొగలు కక్కే సాంబారు బకెట్టుతో వచ్చాడు. బల్ల కిందనుంచి ఓ పిల్ల బెలూను కోసం దూసుకొచ్చింది. అప్పలకొండ నడుము కాస్త తిప్పాడు, బకెట్టు జానెడు పక్కకు జరిగింది, పిల్ల వెళ్లిపోయింది. గరిటె తర్వాతి ఆకు మీదికి వేళకే చేరింది.

తన ఆకు దగ్గరికి వచ్చినప్పుడు హేమనళిని అడిగింది: "ఇంత జనంలో దారెలా చూసుకుంటున్నారు బాబాయ్?"

"టిపినీలప్పుడు నడిసిన దారే తల్లీ. ఎవులైనా అడ్డొత్తే ఆల కాడ మాత్తరం పక్కకి జరుగుతాను. మొత్తం మళ్లీ ఆలోసించుకుంటే సాంబారు సల్లారిపోదేటి?"

ప్రొఫెసర్ అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండానే అన్నారు: "తప్పు దారి అన్నావే. తప్పా, పాతదా?"

ఆ సాయంత్రమే హేమనళిని ప్రోగ్రాంలో చెరిపేసే వాక్యం తీసేసింది. పోయినసారి దారిలో నడిచేసిన అడుగు తీసేసి, మిగతాది అలాగే ఉంచి, అడ్డున్న చోట మాత్రం సవరించమని రాసింది. శనివారం బండి ఆస్పత్రంతా తిరిగింది. రెండుచోట్ల ఆగింది, అక్కడ నిజంగానే దారి లేదు.

పై బుధవారం తెలిసిన సంగతి: బండి ఎదురైతే నర్సులు పక్కకు తప్పుకోవడం మానేశారట.