ఎడమ చెయ్యా, కుడి చెయ్యా?

మనకు పిల్లి ఎదురొస్తే అపశకునం. జపాన్‌లో మాత్రం చెయ్యెత్తి పిలిచే పిల్లి బొమ్మ గుమ్మంలో ఉంటే అదృష్టం. అలాంటివి ఇరవై ఏడు పోగేసినా, ఇసాకు అనే సన్యాసికి సొంత తమ్ముడు దక్కలేదు.

తల్లి పోయినప్పుడు ఇసాకు దీక్షలో ఉండి వెళ్లలేదు. అప్పటినుంచి తమ్ముడు యోహెయ్ మాట మానేశాడు. మూడేళ్లుగా రోజూ మఠం కింది ఏట్లో పడవ నడుపుకుంటూ పోతాడు గానీ, తల తిప్పి చూడడు. తల్లి పోయిన బాధకన్నా ఆ తిప్పుకున్న మొహమే ఇసాకును ఎక్కువ కోసేది.

ఎడమ చెయ్యెత్తిన పిల్లి మనుషుల్ని పిలుస్తుందనీ, కుడి చెయ్యెత్తింది సిరిని పిలుస్తుందనీ ఒకాయన చెప్పాడు. కాదు, తిరగేసి చెప్పాడన్నాడు ఇంకొకాయన. చెయ్యి చెవిని దాటితే దూరాన ఉన్నవాళ్లు వస్తారట. ఇంతకీ యోహెయ్ దూరమా, దగ్గరా? ఏరు చూస్తే పట్టుమని ముప్పై అడుగులు లేదు. ఎంత ఆలోచించినా ఇసాకుకు తల తిరగడమే మిగిలింది.

ఒక ఉదయం ఊరివాళ్లు చల్లగా చెప్పారు. యోహెయ్ ఓడలో పనికి కుదిరాడట, రేపే ప్రయాణం. ఏట్లో అతని పడవ ఇవాళే ఆఖరు.

ఇసాకు బొమ్మల దగ్గరికి ఉరికాడు. ఒక చేత్తో నల్లపిల్లిని, ఇంకో చేత్తో తెల్లపిల్లిని పట్టుకుని గురువు మొకుడో దగ్గరికి పరుగెత్తాడు. ఆయన వంటింట్లో ముల్లంగి తరుగుతున్నాడు.

"గురువుగారూ, వీటిలో దేన్ని పెట్టమంటారు? నల్లది పీడను తరుముతుందట. తెల్లది మంచిని తెస్తుందట. నాకేమీ పాలుపోవడం లేదు."

"పద, రేవు దగ్గర చూద్దాం," అని మొకుడో కత్తి పక్కన పెట్టి లేచాడు.

రేవు మెట్ల మీద కూడా ఇసాకు తేల్చుకోలేకపోయాడు. ఒకసారి నల్లదాన్ని దించబోయాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. అంతలో వంపు తిరిగి పడవ వచ్చింది. యోహెయ్ తెడ్డు వేస్తున్నాడు, మొహం అవతలి ఒడ్డు వైపు.

"పిలువు," అన్నాడు మొకుడో.

"ఏ చేత్తో గురువుగారూ? ఎడమదా, కుడిదా?"

"ఏది ఖాళీగా ఉంటే దాంతో."

ఇసాకు తన చేతుల వంక చూసుకున్నాడు. పడవ రేవు దాటిపోతోంది. రెండు బొమ్మల్నీ మెట్టు మీద పడేసి, రెండు చేతులూ పైకెత్తాడు.

"ఒరేయ్ తమ్ముడూ!"

ఏట్లో తెడ్డు చప్పుడు ఆగింది.