విప్పిన కట్టు

అనగా అనగా, మనుషులకంటే మామిడిచెట్లకే మర్యాద ఎక్కువ జరిగే ఒక రాజ్యం. ఆ రాజుగారి తోటకు తోటమాలి గవరయ్య. అంటు కట్టడంలో ఆయనంతటివాడు లేడు. ఆ సంగతి ఊరికంటే ముందు ఆయనే చెప్పేవాడు.

ఆ తోటలో పాలబెల్లం అనే మామిడి ఒకటుంది. అలాంటి చెట్టు భూమ్మీద మరొకటి లేదు. దాని మొదలును పురుగు తొలిచేసింది. పచ్చగా మిగిలింది ఒక్క కొమ్మ, ఆ కొమ్మకు అంటుకు పనికొచ్చేవి మూడే పుల్లలు. టెంక పాతితే తల్లి రుచి రాదు. అంటు కట్టాల్సిందే. గవరయ్య చేతులు చూస్తే ముసలితనంతో వణుకుతున్నాయి.

కబురంది కూతురు పైడమ్మ అత్తవారింటినుంచి వచ్చింది. చిన్ననాడు తండ్రి వెనకాల చెట్టుచెట్టూ తిరిగిన పిల్ల. ఆయన నేర్పనంటే, అత్త దగ్గర అంటు కట్టడం నేర్చుకుంది.

"మీ అత్త దగ్గరా? నేను మీ ఇంటికొచ్చిననాడు నా విస్తట్లో రెండోసారి నెయ్యి వెయ్యని మనిషి! ఆవిడకేం తెలుసే అంటు?"

"నెయ్యి సంగతి జరిగి పదేళ్లయింది, అయ్యా. చెట్టు పదివారాలు కూడా ఆగేలా లేదు."

పైడమ్మ టెంకనుంచి మొలిచిన మొక్క తల కోసి, నడిమికి చీల్చి, మొదటి పుల్ల గుచ్చింది. అరటినారతో బిగించింది. చిగురు వేసేదాకా కట్టు తాకరాదు. ఒకప్పుడు తాకిన కూలివాణ్ణి గవరయ్యే తోటలోంచి తరిమాడు.

అయిదోనాడు పైడమ్మ ఏటికి వెళ్లింది. 'ముడి వంకరగా ఉంది. అదొక్కటీ సరిచేద్దాం' అనుకుని గవరయ్య కట్టు విప్పి, మళ్లీ కట్టాడు. వారానికి పుల్ల ఎండింది.

"చూశావా, మీ అత్త విద్య!"

పైడమ్మ రెండో పుల్ల కట్టింది. తొమ్మిదోనాడు, 'నార వదులైందేమో' అని గవరయ్య అదీ విప్పాడు. అదీ ఎండింది.

"నా చేతిలోనే ఏదో దోషముంది, అయ్యా," అంది పైడమ్మ.

గవరయ్య ఎండిన పుల్లను కంచె అవతలికి విసిరేశాడు.

పైడమ్మ మూడో పుల్ల కట్టి, "ఇదే ఆఖరు. దీనికి నువ్వే కాపలా కాయి. నీకంటే మొక్కను ఎరిగినవాళ్లెవరు?" అంది.

పదిహేడు రోజులు గవరయ్య ఓర్చుకున్నాడు. పద్దెనిమిదోనాడు, 'అతికిందో లేదో ఒక్కసారి చూస్తే తప్పేముంది?' అనుకున్నాడు. విప్పాడు.

అతికింది. రెండు పచ్చదనాలు సన్నని గీతలా కలుసుకున్నాయి. తప్పు పట్టడానికి వెంట్రుకంత సందు లేదు. గబగబా మళ్లీ కట్టబోయాడు. చెయ్యి వణికింది. పుల్ల ఊడి ఒళ్లో పడింది. ఒకసారి అతికి విడిన పుల్ల మళ్లీ పట్టదు.

పైడమ్మ వచ్చేసరికి ఆయన దాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

"మూడూ నేనే విప్పాను, అమ్మీ. నీ చెయ్యి మంచిదే."

పైడమ్మ పుల్ల అందుకుని, కోతను బొటనవేలితో తడిమింది. "ఆ మాట మొదటినాడే అని ఉంటే బాగుండేది, అయ్యా," అంది.

వానలకు పాలబెల్లం కూలింది. ఆ తరవాత తండ్రీకూతుళ్లు ఎన్నో అంట్లు కలిసి కట్టారు. ఆయన మొక్క పట్టుకునేవాడు, ఆమె నార చుట్టేది. అన్నీ బతికాయి, అన్నీ కాశాయి. పాలబెల్లం రుచి ఎలా ఉండేదని పిల్లలడిగితే మాత్రం, అంతటి గవరయ్యా తల దించుకునేవాడు.

పిల్లలూ, నమ్మి పని అప్పగించాక మళ్లీ మళ్లీ విప్పి చూడకూడదు. ఆలస్యంగా నమ్మినవాడికి క్షమ దొరికినా, పోయిన చెట్టు దొరకదు.