బిందె మూత చప్పుడు

కనకవల్లి గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. గర్వం కాదు, మతిమరుపు అంతకన్నా కాదు. ఆవిడ పద్ధతే అంత. ఒకప్పుడు కాళ్ళకి గజ్జెలు కట్టి ఊరూరా హరికథలు చెప్పిన మనిషి. గజ్జెలు విప్పేసి మండపేటలో ఒక చిన్న పెంకుటింట్లో స్థిరపడ్డాక కూడా శిష్యులు వస్తూనే ఉన్నారు. "అమ్మగారూ, ఈ రాగం ఇక్కడెందుకు ఇలా వంగుతుందండీ?" అని వాళ్ళడిగితే, "ముందా వంకాయలు తరుగు" అంటారు. వంకాయలు తరుగుతుండగా జవాబు ఎక్కడో అక్కడ దొరుకుతుందని ఆవిడ నమ్మకం. దొరక్కపోయినా కూరైతే అవుతుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆవిడ దగ్గర చేరినవాళ్ళు మొదట్లో పాడకూడదు, అడుగు వెయ్యకూడదు, చిడతలు ముట్టకూడదు. ఊ కొట్టాలి. ఆవిడ కథ చెబుతుంటే, సరిగ్గా ఊపిరి తీసుకునే చోట "ఊ" అనాలి. ముందు అంటే తొందర, తర్వాత అంటే నిద్ర. "ఊ అంటేనే ఎదురుగా మనిషున్నట్టు నాకు తెలిసేది. లేకపోతే గోడకి చెప్పుకున్నట్టే" అంటారావిడ.

వకుళ ఇంకా ఈ ఊ కొట్టే తరగతిలోనే ఉంది. అందులోనూ వెనక బెంచీ.

ఆ పిల్లది కదిరి. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం దొరికి ఇంత దూరం వచ్చి, పిండిమర పైన ఒక గదిలో ఉంటోంది. మండపేటలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇద్దరే: షాపు ఓనరు, కనకవల్లి గారు. ఓనరు పిలిచేది తిట్టడానికి. మిగిలిన ఊరంతా ఆమె పట్టుకున్న అద్దంలోంచి అక్షరాలు చదివి, "ఆ, ఇప్పుడు బాగా కనబడుతోంది" అని, ఆమెని చూడకుండా వెళ్ళిపోయేది.

అయితే శుక్రవారాలు వేరు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్లో ఒక కథ, భాగం తర్వాత భాగం వచ్చేది. దాని పేరు "ఏటవతలి ఇల్లు". రాసే ఆవిడ కలం పేరు గోరింట. అసలు పేరు ఎవరికీ తెలీదు. వకుళ ఆవకాయ సీసాకి ఫోను ఆనించి, కంచం ముందు పెట్టుకుని, ఒక ముద్దకి నాలుగు వాక్యాల చొప్పున చదువుకునేది. వారం మొత్తం మీద ఆ పూట అన్నానికే రుచి ఉన్నట్టుండేది.

కథలో సుభాషిణి అనే అమ్మాయి ఏళ్ళ తర్వాత ఏరు దాటి వచ్చి, మూసిన తలుపు ముందు నిలబడి, తట్టడానికి చెయ్యెత్తింది. అక్కడ ఆగింది. ఆషాఢంలో ఎత్తిన చెయ్యి కార్తీకం వచ్చినా దిగలేదు. పాపం సుభాషిణి భుజం ఎంత లాగేస్తోందో ఎవరూ ఆలోచించలేదు గానీ, కథ కింద మాత్రం జనం కిటకిటలాడిపోయారు. "వెయిటింగ్ అక్కా." "తర్వాతి భాగం ప్లీజ్." ఆ తర్వాత ఏడుపు బొమ్మలు. ఆ తర్వాత, "నాలుగు లైకులు రాగానే ఇంత పొగరా?" వకుళ కూడా తక్కువ తినలేదు. రోజూ పడుకునే ముందు "తలుపు తడుతుందా అక్కా?" అని రాసేది. ఎవరూ పలికేవారు కాదు.

చివరికి ఆ ఆదివారం ఒక మాట టైపు చేసి పెట్టుకుంది: "నమ్మి చదివినవాళ్ళని నడిరోడ్డు మీద వదిలేసేవాళ్ళు కథలు రాయకూడదు. మీరూ వద్దు, మీ కథా వద్దు." పంపలేదు. పంపితే శుక్రవారం పూర్తిగా పోతుంది. పంపకపోతే తానో వెర్రిదానిలా ఆ మూసిన తలుపు ముందే నిలబడి ఉండాలి. రెండూ చేతకాక, పాఠం వేళకి ముందే వచ్చి కనకవల్లి గారి ముందు కూలబడింది.

"అమ్మగారూ, సగంలో వదిలేసి పోయిన మనిషి కోసం ఎన్నాళ్ళని ఎదురుచూడాలండీ?"

కనకవల్లి గారు బియ్యంలో రాళ్ళేరుతున్నారు. చేట ఆగింది.

"ఎవడే వాడు?"

"వాడు కాదండీ. ఆవిడ."

"ఆవిడా!"

"ఫోన్లో కథ రాసే ఆవిడండీ."

"ఓస్! ఈ వయసులో ఎవరింటికో తగాదాకి వెళ్ళాలేమో, చీర మార్చుకోవాలేమో అనుకున్నానే" అని ఆవిడ మళ్ళీ చేట అందుకున్నారు.

వకుళ ఏరు దగ్గర మొదలుపెట్టి తలుపు దాకా అంతా చెప్పింది. టైపు చేసిన మాట చదివి వినిపించింది. "చెప్పండి అమ్మగారూ. పంపెయ్యనా?"

"చాపలు పరువు. జనం వచ్చే వేళైంది."

(ఇక్కడ తెలివైన పాఠకులు కొందరు, ఆ గోరింట ఈ కనకవల్లి గారే అయ్యుంటుందని లోలోపల నవ్వుకుంటూ ఉంటారు. కాదండీ. ఫోను మోగితే పచ్చది నొక్కాలో ఎర్రది నొక్కాలో ఆవిడ ఇప్పటికీ పక్కింటివాళ్ళని కేకేస్తారు. ఊహలు పక్కన పెట్టి, చాప మీద చోటు చూసుకోండి.)

కార్తీక మాసమంతా సాయంత్రాలు ఆవిడ వసారాలో కథ చెబుతారు. ఆ రోజు వచ్చినవాళ్ళు ముగ్గురే. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన వీర్రాజు గారు, పక్కింటి మంగాయమ్మ గారు, మిషను కట్టేసి వచ్చిన టైలరు మస్తాను. వకుళ ఊ కొట్టే చోట కూర్చుంది.

"కుమ్మరిపిల్ల గొంతు జారి బావిలో పడిపోయింది" అని ఎత్తుకున్నారు కనకవల్లి గారు. "పిలుద్దామంటే పిలుపు లేదు, ఏడుద్దామంటే చప్పుడు లేదు."

"ఊ."

"సరే, పోయిన గొంతుని తనే తెచ్చుకుందామని నడుముకి తాడు కట్టుకుని బావిలోకి దిగింది. కింద చీకటి. పైన తాడు రాతికి ఒరుసుకుంటోంది. ఒక పేట తెగింది."

"ఊ."

"రెండో పేట..."

అక్కడ ఆవిడకి దగ్గొచ్చింది. "ఉండండి, మంచినీళ్ళు తాగొస్తా" అని గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళారు.

"ఆపాల్సిన చోటే ఆపారండీ, ఆయ్!" అన్నారు వీర్రాజు గారు. "మా బస్సూ ఇంతే. అందరూ దిగే స్టాపు కనబడుతుండగా చెడిపోయేది."

"తాడు తెగదు లెండి. తెగితే పిల్ల చచ్చిపోద్ది. కార్తీకంలో ఎవరైనా అలాంటి కథ చెబుతారా?" అన్నారు మంగాయమ్మ గారు.

"మూడు పేటల తాడండీ. రెండు తెగినా మూడోది ఆపుద్ది. దారం సంగతి నాకు తెల్దా?" అన్నాడు మస్తాను.

"తెలిసే నా లాల్చీ చంక కింద అలా కుట్టావా?" అన్నారు వీర్రాజు గారు.

నవ్వులయ్యాయి. నవ్వులయ్యాక చూస్తే ఆవిడ ఇంకా రాలేదు. "అమ్మా, తాడు తెగిందా?" అని మస్తాను కేకేశాడు. "మూడో పేట సంగతి చెప్పి తాగండమ్మా!" అని మంగాయమ్మ గారు గొంతు కలిపారు. వీర్రాజు గారు, బస్సు కదలాలంటే కొట్టినట్టు, స్తంభం మీద రెండు దెబ్బలు కొట్టారు. లోపల ఉలుకూ పలుకూ లేదు.

కాసేపటికి మాటల రంగు మారింది. "పెద్ద కళాకారిణి కదా, బతిమాలించుకోవాలి మరి" అన్నారు మంగాయమ్మ గారు, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేస్తూ. "మనకేం పని లేదనుకుంటారండీ" అంటూ మస్తాను చెప్పులు వెతుక్కున్నాడు. వీర్రాజు గారు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "తాడు సంగతి రేపైనా చెబుతారంటారా?" అని వకుళనడిగారు. అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

వకుళ ఒక్కతే మిగిలింది. జనం లేచి వెళ్ళిన చాపలు చూస్తే, ఇందాక అంత దగ్గరగా కూర్చున్నట్టున్నవాళ్ళు ఒకరికొకరు ఎంత దూరంగా కూర్చున్నారో తెలిసింది. పిండిమర పైన గది గుర్తొచ్చింది. ఇప్పుడు అక్కడికి వెళ్ళి తాళం తీసినా, ఇక్కడే కూర్చున్నా ఒకటే.

"అమ్మగారూ, తాడు తెగిందాండీ?" అని తనూ కేకేసింది. పలకలేదు.

ఈవిడ కూడానా! వకుళకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోను తీసింది. పొద్దున్న టైపు చేసిన మాట అలాగే ఉంది. బొటనవేలు దాని మీదికి తెచ్చింది. నొక్కేదే. కానీ ఏదో వెలితిగా అనిపించింది. ఒక చప్పుడు రావాల్సింది, రాలేదు.

ఊ కొట్టే తరగతిలో ఆ పిల్ల నేర్చుకున్నది ఒకటే ఉంది: ఎదుటి మనిషి ఎక్కడ ఆగుతున్నారో వినడం. కనకవల్లి గారి ఇత్తడి బిందె మూత తీస్తే వీధి మలుపు దాకా మోగుతుంది. మంచినీళ్ళు తాగొస్తానని వెళ్ళిన మనిషి ఇంతసేపైంది. మూత మోగలేదే!

ఫోను చాప మీద పడేసి లోపలికి పరిగెత్తింది.

వంటింట్లో దీపం కూడా లేదు. బిందె పక్కన పీట మీద, ఒక కాలు చాపుకుని, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు కనకవల్లి గారు. చెయ్యి బిందె మీదికి సగం లేచి ఉంది. మూత అందలేదు.

"మోకాలు పట్టేసిందే" అన్నారు సన్నగా.

"అయ్యో, పిలవొచ్చు కదండీ!"

"పిలిచాను. మీరంతా అక్కడ తాడు పేటలు లెక్కపెట్టుకుంటున్నారు."

వకుళ మూత తీసింది. అది వీధంతా మోగింది. గ్లాసు నోటికందిస్తే, ఎండలో నడిచొచ్చినట్టు గటగటా తాగేశారు. రెండో గ్లాసు నెమ్మదిగా తాగారు. వకుళ నూనె వెచ్చచేసి తెచ్చి మోకాలికి రాస్తూ కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఈ నొప్పి?"

"గజ్జెలు విప్పక ముందు నుంచీ. దీనివల్లే విప్పాను."

"నాకెప్పుడూ చెప్పలేదేమండీ?"

"వచ్చినప్పుడల్లా రాగాల గురించి అడిగావు. మోకాలి గురించి ఎప్పుడైనా అడిగావా?" అన్నారావిడ.

అది మోకాలి నొప్పా, పాఠమా అన్నది ఆ వీధిలో ఇప్పటికీ తేలలేదు. "నాటకమండీ, ఆయ్. ఆవిడకి నటన కొత్తా?" అంటారు వీర్రాజు గారు. నూనె రాసిన చేతికి తెలుసు వాపు సంగతి. ఆ చేతిని మాత్రం ఎవరూ అడగలేదు.

తాడు తెగిందో లేదో అడగలేదని వకుళకి సగం దారిలో గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళలేదు. గదికి వచ్చి, ఆవకాయ సీసాకి ఫోను ఆనించి, టైపు చేసిన మాటని కొనదాకా చెరిపేసింది. ఖాళీ గడి వంక చూస్తూ కూర్చుంది. తోచినదే రాసింది: "అక్కా, మంచినీళ్ళు తాగారా?"

వెయిటింగుల మధ్య ఆ మాట పెళ్ళిపందిట్లోకి దారి తప్పి వచ్చిన మనిషిలా నిలబడింది. కాసేపటికే ఎవరో కింద రాశారు: "ఎవరండీ ఈవిడ, వాటర్ ట్యాంకరా?" ఇంకొకరు నవ్వు బొమ్మలు వరస కట్టారు. వకుళ చెవులు వేడెక్కాయి. అయినా ఇంకో మాట చేర్చింది: "నా పేరు వకుళ. శుక్రవారాలు మీతో కలిసి అన్నం తినేదాన్ని. సుభాషిణి సంగతి ఉండనివ్వండి. మీరెలా ఉన్నారు?"

జవాబు రాలేదు. ఒక శుక్రవారం వెళ్ళింది, ఇంకొకటి వెళ్ళింది. కార్తీకం అయిపోయింది, వసారాలో చాపలు చుట్టేశారు. వకుళ గోడకి ఎదురుగా అన్నం తిని, కంచం కడిగి, పడుకునేది. "తలుపు తడుతుందా" అని మాత్రం మళ్ళీ అడగలేదు. అప్పుడప్పుడు "మాకిక్కడ చలి మొదలైంది. మీకూనా?" అని రాసేది. అంతే.

ఒక సాయంత్రం షాపు నుంచి నేరుగా, రొప్పుకుంటూ కనకవల్లి గారి దగ్గరికి వచ్చింది. ఆవిడ కాలు చాపుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. వకుళ ముందు మోకాలి సంగతి అడిగింది. తర్వాత ఫోను చాపింది.

"పలికిందండీ! కానీ చూడండి. కథ గురించి ఒక్క ముక్క లేదు. ఎలా ఉందో చెప్పలేదు. ఎక్కడుందో చెప్పలేదు. నా మాటల కింద ఒకటే అక్షరం."

కనకవల్లి గారు చేతులు తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఫోను దగ్గరగా పెట్టుకుని ఆ అక్షరం చదివారు.

"ఊ."

ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత ఫోను వకుళ చేతికిచ్చి, చిక్కుడుకాయల చేట పక్కకి జరిపారు.

"వింటోందే పాపం" అన్నారు. "చెప్పు మరి."