గది కావాలంటే నొక్కాల్సిన బటన్

కరిబసవకు ఒళ్లు మండిపోతోంది. పొద్దుటి నుంచి మఠంలో ఒక్కరూ తనతో మాట్లాడటం లేదు. వంటాయన సైతం మొహం తిప్పుకుని పోతున్నాడు. తను ఏ తప్పూ చేయలేదని అతని నమ్మకం.

తుంగభద్ర కాలవ గట్టున, ఆదోని రోడ్డు పక్కన ఉన్న చిన్న మఠం అది. మనసు చెదిరినవాళ్లు వచ్చి నాలుగు రోజులు ఉండి పోతారు. ఎందుకొచ్చావని గురుసిద్ధయ్య స్వామి ఎవరినీ అడగడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఆయన శిష్యుడిగా చేరిన కరిబసవ, మఠానికి ఒక వెబ్‌సైటు తయారు చేశాడు. గది కావాలంటే అందులో పేరు నమోదు చేసుకోవాలి. జనం పాస్‌వర్డులు మరిచిపోయి ఫోన్ల మీద ఫోన్లు చేసి అతని ప్రాణం తోడేశారు. ఆ పోరు పడలేక ఒక బటన్ పెట్టాడు. దాదాపు అందరి ఫోన్లలోనూ ఏదో ఒక పెద్ద కంపెనీ ఖాతా ఉంటుంది కదా, ఆ బటన్ నొక్కితే దాంతోనే లోపలికి వచ్చేయొచ్చు. వచ్చింది ఫలానా మనిషేనని ఆ కంపెనీయే చెబుతుంది. కొత్త పాస్‌వర్డుతో పని లేదు.

అక్కడితో ఆగి ఉంటే అందరూ అతన్ని మెచ్చుకునేవాళ్లే. ఆగలేదు. పేరూ, మెయిలుతో పాటు, ఆ మనిషికి తెలిసినవాళ్లందరి మెయిళ్లు కూడా ఇమ్మని కంపెనీని అడిగే వీలుందని అతనికి తెలుసు. వీలుంది కాబట్టి అడిగాడు. కొత్తవాళ్లు ఎవరు నమోదైనా సరే, “మీ ఆప్తులు మా మఠానికి వచ్చారు, మీరూ రండి” అని వాళ్లకు తెలిసినవాళ్లందరికీ ఆహ్వానం వెళ్లేట్టు అమర్చాడు. జనం పెరిగారు. కరిబసవ తన తెలివికి తానే మురిసిపోయాడు.

మొన్న మధ్యాహ్నం మహేశ్వరి అనే ఆమె వచ్చింది. దవడ మీద దెబ్బ ఇంకా కమిలే ఉంది. చేతిలో ఒక్క సంచి. ఉండటానికి గది ఇమ్మంది. ఆ మొహం చూసి కూడా ఈ మహానుభావుడు, ముందు ఫోన్లో బటన్ నొక్కమ్మా అన్నాడు. ఆమె నొక్కింది. ఆమెకు తెలిసినవాళ్లందరికీ ఆమె పేరుతో ఆహ్వానం వెళ్లింది. అందులో, ఆమె ఎవరి నుంచి పారిపోయి వచ్చిందో ఆ మొగుడు కూడా ఉన్నాడు.

ఈ పొద్దున వాడు ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకుని కారులో దిగాడు. స్వామి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. నా పెండ్లాన్ని దాస్తావా అని వాడు నోటికొచ్చినట్టు తిట్టాడు. స్వామి అడుగు కూడా కదల్లేదు. పోలీసులను పిలుస్తామని వంటాయన బెదిరిస్తే గేటు వదిలారు గానీ ఊరికి పోలేదు. రోడ్డుకు అవతల కారు నిలుపుకుని కూర్చున్నారు. మహేశ్వరి సామాన్ల గదిలో బస్తాల వెనక నక్కి ఉంది. వాడి చేతికి చిక్కితే ఈసారి బతకనిస్తాడన్న నమ్మకం ఆమెకు లేదు.

కరిబసవ ఇక ఉండబట్టలేక స్వామి దగ్గరికి పోయాడు.

“ఆమె ఒప్పుకునింది స్వామీ. నేనేమన్నా దొంగతనంగా తీసుకున్నానా? ఏమేం తీసుకుంటామో తెలుగులోనే రాసి పెట్టినా. కింద ‘సరే’ అని ఉంది. ఆమే నొక్కింది. చదవకుండా నొక్కితే నాదా తప్పు?”

కోపమొస్తే స్వామి అరవడు. మాట మానేస్తాడు. ఈ మాట విన్నాక ఆయన దవడలు బిగుసుకోవడం కరిబసవ చూశాడు. “అన్నానికి రా” అని మాత్రం అన్నాడు.

మఠంలో మధ్యాహ్నం అందరిదీ ఒకే పంక్తి. ఆ రోజు వడ్డన స్వామే చేశాడు. ముందురోజు ఉపవాసం, పొద్దున గొడవ, కరిబసవ కడుపు నకనకలాడుతోంది. స్వామి అతని విస్తరి ముందు ఆగాడు. పక్కనున్న అతని ఫోను ఎడం చేత్తో తీసి ముందుకు చాపాడు.

“వేలు పెట్టు.”

ఎవరికో ఫోన్ చేస్తాడు కాబోలనుకుని కరిబసవ వేలు పెట్టాడు. ఫోను తెరుచుకుంది.

“సరే అను.”

“దేనికి స్వామీ?”

“ముందు అను. అన్నం సల్లారిపోతాంది.”

“సరే స్వామీ.”

స్వామి నిండుగా వడ్డించాడు, పప్పు పోశాడు. ఫోను తీసుకుపోయి పంక్తి చివర కూర్చున్న రిటైరైన టీచరు పంపాపతి చేతిలో పెట్టాడు.

“అందులో ఉత్తరాలు ఉంటాయి. అందరికీ ఇనపడేట్టు చదువు సారూ.”

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, పైన కనపడింది చదవసాగాడు. “అమ్మ... ‘నాయనా కరీ, మూర్ఛ మాత్రలు ఆపొద్దు. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియనీయకు. మొన్నొచ్చిన సంబంధంవాళ్లు కూడా...’” అంటూ సగంలో ఆపేశాడు. ఆ పైన చదవడానికి ఆయనకే నోరు రాలేదు.

కరిబసవ విస్తరి తొక్కుకుంటూ పోయి ఫోను లాక్కున్నాడు.

“ఇది నాది. ఎవర్నడిగి ఇచ్చినారు?”

“నిన్నే. సరే అన్నావు.”

“ఆకలికి అన్నాను స్వామీ. అన్నం పెట్టరేమోనని అన్నాను.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతను అక్కడే నిలబడిపోయాడు. స్వామి గరిటె పట్టుకుని పక్క విస్తరి దగ్గరికి పోయాడు.

కరిబసవ ఆ మధ్యాహ్నం ఆఫీసు గదిలోంచి బయటికి రాలేదు. ఆహ్వానాలు ఆపేశాడు. ఊళ్లకు ఊళ్ల జనం మెయిళ్లు పోగేశాడు కదా, అవన్నీ చెరిపేశాడు. బటన్ నొక్కితే ఇక పేరూ, మెయిలూ తప్ప మరేదీ అడగకుండా మార్చాడు. ఇదంతా మొన్ననే చేసి ఉంటే మహేశ్వరి బస్తాల వెనక దాక్కునేది కాదు, ఆ సంగతి అతనికీ తెలుసు. వెళ్లి కాళ్ల మీద పడదామనుకుని లేచాడు.

సామాన్ల గది ఖాళీగా ఉంది. రోడ్డుకు అవతల కారు మాత్రం అట్లాగే ఉంది, లోపల ముగ్గురూ గేటు వైపే చూస్తున్నారు. వెనక కాలవ గట్టు మీద బండి పోయిన జాడ కనపడింది. వంటాయన ఎక్కడా లేడు.

స్వామి నీళ్ల గోలెం దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. కరిబసవ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

“ఆమెను యాడికి పంపినారు స్వామీ?”

స్వామి కోపం ఇంకా చల్లారలేదు. కండువాతో చేతులు తుడుచుకుంటూ అతని మొహంలోకి చూశాడు.

“తెలిస్తే ఏం చేస్తావు?”

కరిబసవ తల వంచుకుని, ఇంకేమీ అడగకుండా వెనక్కి తిరిగాడు.